వీల్‌చైర్ రాసే ముందు ఒక్కసారి కరెంటు పెట్టి నడిపించి చూడండి

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో దివ్యాంగుల శిబిరాలు నడిపే అధికారులకు, ఆ శిబిరాల్లో కూర్చునే డాక్టర్లకు, ఫిజియోథెరపిస్టులకు,

నమస్కారం.

నేను పర్లాకిమిడిలో ఉంటాను. బట్టలు కుడతాను, ఎక్కువగా జాకెట్లు, స్కూలు యూనిఫారాలు. నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది, ఎం.ఎస్. అంటారు. ఈ ఉత్తరం ఒడియాలో రాస్తే మీకు తొందరగా చేరేదేమో గాని, లోపలున్నదంతా చెప్పుకోవాలంటే నాకు తెలుగులోనే వస్తుంది, పైగా మహేంద్రతనయ ఏటికి ఇటూ అటూ, అంటే మా ఊళ్లోనూ ఆంధ్ర వైపు పాతపట్నంలోనూ, ఇలాగే కాలు ఈడ్చుకుంటూ తిరిగేవాళ్లు ఉన్నారు, వాళ్లూ చదవాలని అందరి ముందూ పెడుతున్నాను. ఒడియాలోకి మార్చి ఆఫీసులో ఇచ్చే పని మా అబ్బాయి చూసుకుంటాడు.

అడిగేదేమిటో ముందే చెప్పేస్తాను. మీ శిబిరాల్లో మూడు చక్రాల బండి, వీల్‌చైర్, చంకకర్రలు, చెవి మిషన్లు ఇస్తున్నారు, చాలామందికి అవే బతుకుతెరువు, కాదనను. కానీ పాదం వాలిపోయి కాలు ఈడుస్తూ ఇంకా నడుస్తున్న మనిషి మీ ముందుకొచ్చినప్పుడు, ఏదైనా రాసే ముందు, మోకాలి కింద చిన్నగా కరెంటు ఇచ్చి పాదాన్ని పైకి లేపే యంత్రం ఒకటి ఉంది, అది ఒక్కసారి కట్టి నడిపించి చూడండి. ఫంక్షనల్ ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్ అంటారు దాన్ని, పొట్టిగా ఎఫ్.ఇ.ఎస్. ఆ కట్టి చూడటానికి అరగంట కంటే పట్టదు. నేను అడుగుతున్నది ఆ అరగంట గురించే.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఎందుకింత పట్టుబడుతున్నానో మీకు అర్థం కాదు.

2016లో ఒక కన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి. సూదిలో దారం ఎక్కించలేకపోయేదాన్ని. అద్దాల పవరు మారిందేమో అనుకున్నాం, కొన్ని వారాలకి దానంతటదే తగ్గిపోయింది, మర్చిపోయాను. రెండేళ్ల తర్వాత కాలు మొదలైంది. మొదట పట్టిచ్చింది నా మిషనే. తొక్కుడు మిషన్ మీద కూర్చునేవాళ్లకి తెలుసు, పెడల్ మీద వేళ్లతో ఒకసారి నొక్కాలి, వెంటనే మడమతో నొక్కి వేళ్లు పైకి లేపాలి, ఆ ఊపులోనే చక్రం తిరుగుతుంది. నాకు నొక్కడం వస్తోంది, లేపడం రావట్లేదు. చక్రం సగం తిరిగి వెనక్కి వచ్చేసేది, దారం తెగిపోయేది. మిషన్‌కి నూనె పోశాను, బెల్టు మార్పించాను. తప్పు మిషన్‌ది కాదని తెలియడానికి నెల పట్టింది.

తర్వాత చెప్పు. కుడికాలి చెప్పు ముందు భాగం, బొటనవేలు ఉండే చోట, అరిగిపోయి కన్నం పడింది. ఎడమకాలిది కొత్తదానిలాగే ఉంది. "ఏటొదినా, కాలలా ఈడుస్తన్నావు" అని పక్కింటి అమ్మాయి అనేదాకా నాకు నేనుగా గమనించుకోలేదు. నడుస్తూ ఉంటే చెప్పు జారి వెనకాల ఉండిపోయేది, నేను నాలుగడుగులు ముందుకెళ్లాక తెలిసేది. ఊళ్లో ఒక డాక్టరు గారు నరాల బలహీనత అని ఇంజెక్షన్లు రాశారు, అవి ఏడాదిపాటు పొడిపించుకున్నాను. మా అత్త దిష్టి తీసింది, గుమ్మడికాయ కట్టింది. చివరికి గుణుపురం నుంచి వచ్చే ప్యాసింజర్ ఎక్కి విశాఖపట్నం వెళ్లి ఒక పెద్ద ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. తీయించుకుంటే, అప్పుడు తెలిసింది పేరు. 2019 అది. నాకు ముప్పై నాలుగేళ్లు.

ఈ జబ్బు ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్యలోనే పట్టుకుంటుందట, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువట. అంటే పిల్లల్ని ఎత్తుకునే వయసు, నీళ్లు మోసే వయసు, కుట్టుమిషన్ మీద ఇల్లు గడిపే వయసు. మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీద మైలిన్ అనే పొర ఉంటుంది, కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగులాగా. మన ఒంటి రక్షణ వ్యవస్థే దాన్ని అక్కడక్కడా కొరికేస్తుంది. కొరికిన చోట కబురు నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. "పాదం లేపు" అని మెదడు చెబుతూనే ఉంటుంది, కింద దాకా చేరదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. కబురు తెగింది పైన. వెన్నుపాము నుంచి కాల్లోకి దిగే నరం బాగానే ఉంది. పాదాన్ని లేపే కండ బతికే ఉంది, పిలుపు కోసం ఎదురు చూస్తోంది. మోకాలి కింద బయటివైపు ఎముక గుబ్బలా తగులుతుంది చూడండి, ఆ పక్క నుంచే ఆ నరం చర్మానికి దగ్గరగా పోతుంది. అక్కడ రెండు ప్యాడ్లు అంటించి, నడకలో కాలు ముందుకి వెయ్యబోయే క్షణంలో చిన్న కరెంటు ఇస్తే, మెదడు నుంచి రావాల్సిన పిలుపు మధ్యదారిలో అందినట్టు, పాదం లేస్తుంది. మడమ నేలకి తగిలాక కరెంటు ఆగుతుంది. మళ్లీ అడుగు, మళ్లీ కరెంటు. అంతే దాని పని.

ఇదేమీ నిన్నా మొన్నా వచ్చింది కాదు. అమెరికాలో లిబర్సన్ అనే డాక్టరు పక్షవాతం వచ్చినవాళ్ల మీద చేసిన ఈ ప్రయోగం గురించి రాసింది 1961లో. ఇంగ్లండులో సాల్స్‌బరీ ఆసుపత్రి వాళ్లు తయారుచేసిన ఓడ్‌స్టాక్ యంత్రాన్ని ఎం.ఎస్. వాళ్లు ఎన్నో ఏళ్లుగా కట్టుకుని తిరుగుతున్నారు. అక్కడ ఏ వైద్యం వాడొచ్చో చెప్పే ప్రభుత్వ సంస్థ నైస్, మెదడు, వెన్నుపాము దెబ్బల వల్ల పాదం వాలిపోయినవాళ్లకి దీన్ని వాడొచ్చని 2009లోనే చెప్పింది. అరవై ఏళ్ల కిందటి సంగతి మా ఊరి దాకా ఇంకా ఎందుకు రాలేదో మీరే ఆలోచించాలి.

నాకు 2022లో కట్టారు. విశాఖలోనే, ఒక ఫిజియో బాబు. అప్పటికి ఆయన దగ్గర నేను ప్లాస్టిక్ బ్రేసు వాడుతున్నాను, ఎల్ ఆకారంలో ఉంటుంది కదా, పిక్క వెనక నుంచి అరికాలి కిందకి. అది పడనివ్వదు, నిజమే, కానీ దానితో కింద కూర్చోలేను, పీట మీద కూర్చుని కూర తరగలేను, పెడల్ తొక్కలేను, దాని మీద చెప్పు పట్టదు, మే నెలలో దాని లోపల చెమటతో చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా పుండు పడింది. ఈ బాధ విని ఆయన ఒక చిన్న డబ్బా తెచ్చారు, రెండు ప్యాడ్లు తడిపి అంటించారు. "షాక్ కొడుతుందా బాబూ" అన్నాను. "చీమలు పాకినట్టుంటుందమ్మా, ఎక్కువైతే చెప్పండి" అన్నారు. ఝుమ్మంది. ఆ తర్వాత నేను చూస్తూ ఉండగా, నేను ఏమీ చెయ్యకుండా, నా పాదం పైకి లేచింది. నాలుగేళ్లుగా ఎంత గట్టిగా అనుకున్నా లేవని పాదం. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు.

కారిడార్‌లో నడిపించారు. మొదటి రెండు మూడు అడుగులు తడబడ్డాను, ఎందుకంటే నాలుగేళ్లుగా నడుం ఎత్తి కాలు పక్కకి విసిరి నడవడం అలవాటైపోయింది, ఇప్పుడు విసరక్కర్లేదు. ఆ చివర దాకా వెళ్లి వచ్చాను. నేల మీద బొటనవేలు గీసుకునే చప్పుడు, సర్రు సర్రుమని, అది లేదు. ఆ చప్పుడు ఆగిపోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఇంటికి తెచ్చుకోలేకపోయాను. విదేశాల నుంచి వచ్చే యంత్రం, ధర విన్నాక నేను ఎన్నేళ్లు జాకెట్లు కుడితే అంత అవుతుందో లెక్క వేసుకుని బస్సెక్కేశాం. అప్పటి నుంచి మళ్లీ బ్రేసే.

ఇప్పుడు మీ శిబిరం సంగతి. ఏ ఊళ్లో, ఎవరు నడిపారు అన్నది చెప్పను, అక్కడున్న వాళ్లంతా నాతో మర్యాదగానే మాట్లాడారు. డిసెంబరు నెల, పొద్దున పది గంటలు, చల్లగా ఉంది. గేటు నుంచి టేబుల్ దాకా ఇరవై ముప్పై అడుగులు. నడిచాను. డాక్టరు గారు చూసి "నడుస్తున్నారు కదమ్మా" అన్నారు. సాయం అందాలంటే వైకల్యం నలభై శాతం ఉండాలట, నాకు అంత రాలేదు. మా జబ్బు పేరు ఏ ఖానాలో రాయాలో కాగితం రాసే అబ్బాయికి తెలియలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి, అందులో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు పెట్టి మరీ ఉంది, దీర్ఘకాలపు నరాల జబ్బుల కింద. ఫోన్‌లో తీసి చూపించాను. ఎవరినో అడిగి వస్తానని వెళ్లి, మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చాడు. అప్పటిదాకా నిలబడి, కూర్చుని, ఆ వరస నుంచి ఈ వరసకి తిరిగి, మూడు గంటలకి బయటకొస్తుంటే షామియానా తాడు దగ్గర పాదం లేవక బోర్లా పడ్డాను. బొటనవేలి గోరు ఊడింది. పొద్దున నన్ను చూసిన డాక్టరు గారు అప్పుడు చూసి ఉంటే ఏం రాసేవారో.

మా నడకకి పొద్దున ఒక రూపం, సాయంత్రం ఒక రూపం. మొదటి యాభై అడుగులు చూసి మమ్మల్ని కొలిస్తే మా జబ్బు కనబడదు. నరం అలసిపోయే కొద్దీ పాదం వాలుతుంది. ఒళ్లు వేడెక్కినా అంతే, అసలే పొర ఊడిన నరంలో వేడికి కబురు ఇంకా మందగిస్తుంది. ఊట్‌హాఫ్ అనే జర్మనీ కంటి డాక్టరు 1890లో కనిపెట్టి రాసిన సంగతి ఇది. మా ప్రాంతంలో మార్చి చివర నుంచి జూన్ దాకా ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, ఆ నెలల్లో మధ్యాహ్నం నేను తడి తువ్వాలు మెడకి చుట్టుకుని పడుకుంటాను, సందు చివర కిరాణా కొట్టు దాకా కూడా వెళ్లలేను. అందుకని, శాతం కట్టేటప్పుడు ఆరు నిమిషాలు ఆపకుండా నడిపించి ఆఖర్లో చూడండి. ఆరు నిమిషాల నడక పరీక్ష మీకు తెలిసిందే, దానికి గడియారం తప్ప ఖర్చు లేదు.

అదే శిబిరంలో ఒక అమ్మాయి, రిజిస్టరు రాస్తున్న అమ్మాయి, జాలిపడి "అక్కా, జబ్బు ముదిరాక మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకో, వీల్‌చైర్ ఇప్పిస్తా" అంది. మంచి మనసుతోనే అంది. కానీ చూడండి, నడుస్తున్నన్నాళ్లూ నాకు మీ దగ్గర ఏమీ లేదు, నడక పోయాక కుర్చీ ఉంది. ఆ మధ్యలో ఉన్న పదేళ్లో పదిహేనేళ్లో, అవే నా పిల్లలు ఎదిగే ఏళ్లు.

యంత్రం గొప్పలే చెబుతున్నాను అనుకోకండి. ఇది జబ్బుని తగ్గించదు. స్విచ్ తీసేస్తే పాదం మళ్లీ వాలుతుంది. మామూలు బ్రేసుతో పోల్చి చూసినప్పుడు నడక వేగంలో పెద్ద తేడా రాలేదని కూడా పరిశోధనలు చెబుతున్నాయి, బ్రేసు సరిపోయేవాళ్లకి బ్రేసే ఇవ్వండి, అదే చవక. వ్యాయామం మానేసి దీన్ని నమ్ముకుంటే కాళ్లు ఇంకా బలహీనమవుతాయి, రోజూ చెయ్యాల్సిన వ్యాయామం చెయ్యాల్సిందే. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి పెట్టకూడదు, మూర్ఛలు అదుపులో లేనివాళ్ల విషయంలో జాగ్రత్త కావాలి. చాలామందికి వచ్చే ఇబ్బంది ప్యాడ్ కింద చర్మం ఎర్రబడటం, దురద.

ఇంకో మాట, ఇది మీకు చాలా ముఖ్యం. కాల్లోని నరమే చచ్చిపోయినవాళ్లకి ఇది పనిచెయ్యదు. పోలియో వచ్చినవాళ్లు, కుష్ఠుతో పాదం వాలినవాళ్లు, ఇంజెక్షన్ నరానికి తగిలి కాలు పడిపోయినవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. బయట నుంచి చూస్తే అందరి నడకా ఒకేలా ఉంటుంది. వాళ్లకి ఆశ పెట్టి నిరాశ చెయ్యకూడదు. అది తేల్చడానికి కూడా ఆ అరగంటే కావాలి, ఫిజియో క్లినిక్కుల్లో ఉండే మామూలు స్టిమ్యులేటర్ పెట్టి చూస్తే కండ పలుకుతుందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. కొండల మీద నుంచి దిగివచ్చే సవర వాళ్లకి చెప్పేటప్పుడు వాళ్ల భాష తెలిసిన మనిషిని పక్కన పెట్టుకోండి, కరెంటు అనగానే భయపడి లేచి వెళ్లిపోతారు, నేనే భయపడ్డాను.

మా ఊళ్లో "కరెంటు పెట్టించుకోవడం" అంటే అందరికీ తెలుసు. నడుం నొప్పికి, మోకాళ్లకి, మంచం మీద పడుకుని పావుగంట పెట్టించుకుంటారు. నేను చెబుతున్నది అది కాదు. ఇది నడుస్తూ ఉండగా, అడుగు అడుగుకీ సమయం చూసి పడే కరెంటు. దీనికి రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకదానిలో మడమ కింద స్విచ్ పెడతారు, బూటు లోపల. ఇంకోదానిలో కాలు ఎంత వాలిందో యంత్రమే కనిపెట్టుకుంటుంది. మీరు కొనేటప్పుడు దయచేసి ఈ రెండోది చూడండి. మేం బూట్లు వేసుకోం. గుమ్మం దగ్గర చెప్పులు విప్పేస్తాం, వంటింట్లో, గుళ్లో, బావి దగ్గర ఒట్టికాళ్లతో తిరుగుతాం. మడమ స్విచ్ ఉన్న యంత్రం నాకిస్తే వీధిలో నడుస్తాను గాని ఇంట్లో పడతాను, నేను పడినవన్నీ ఎక్కువగా ఇంట్లోనే. మోకాలి కింద పట్టీలాంటిదైతే చీర కింద ఎవరికీ కనబడదు కూడా, పెళ్లీడు ఆడపిల్లలకి అది చిన్న విషయం కాదు.

ఇంత ఖరీదైన వస్తువు అందరికీ ఎలా ఇస్తాం అంటారు. అందరికీ ఇవ్వమనట్లేదు. ఒక జిల్లాకి రెండు మూడు యంత్రాలు ఉంచండి. శిబిరంలో కట్టి చూడండి, పనికొచ్చినవాళ్లకి మూడు నెలలు వాడుకోమని ఇవ్వండి, వాడారో అటక మీద పెట్టారో చూసి అప్పుడు సొంతంగా ఇవ్వాలో లేదో తేల్చండి. మా జబ్బు అరుదు, ఒప్పుకుంటాను, మా కోసమే అయితే మీకు లెక్క కుదరకపోవచ్చు. కానీ ఇదే యంత్రం పక్షవాతం వచ్చి పాదం వాలినవాళ్లకీ పనికొస్తుంది, ఆ మనుషులు ప్రతి వీధిలో ఉన్నారు. మా వీధిలోనే ఇద్దరు. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వానిదే పునరావాస సంస్థ ఉంది, స్వామి వివేకానంద పేరుతో. మన జిల్లాల ఫిజియోలని కొద్ది రోజులు అక్కడికి పంపి నేర్పించొచ్చు కదా. ప్యాడ్లు మాత్రం మర్చిపోకండి. అవి కొన్ని వారాలకి జిగురు పోతాయి, మన చెమటకి ఇంకా తొందరగా. యంత్రం ఇచ్చి ప్యాడ్లు ఇవ్వకపోతే నూనె లేని దీపం ఇచ్చినట్టే.

పాతపట్నం వైపు వెళ్లి చూపించుకోమని కొందరు సలహా ఇస్తారు. ఏరు దాటితే ఆంధ్ర, మా చుట్టాలంతా అక్కడే, కానీ మా రేషన్ కార్డు ఇటుది, అక్కడి ఆరోగ్య పథకం కార్డు మాకు రాదు. 1936లో ఒడిశాని వేరే రాష్ట్రం చేసి సరిహద్దు గీత గీసినప్పుడు మా తాతలు ఇటు ఉండిపోయారు. మాకు మీరే దిక్కు.

ఈసారి శిబిరం ఎప్పుడో తేదీ చెప్పండి, వస్తాను. నాకు పొద్దున టోకెన్ వద్దు, మధ్యాహ్నం మూడు గంటలకి ఇవ్వండి. అరిగిపోయిన కుడికాలి చెప్పులు నాలుగు దాచి ఉంచాను, అవీ తెస్తాను. డాక్టరు గారు ఇరవై అడుగులు కాదు, షామియానా చుట్టూ ఆరు నిమిషాలు నా పక్కన నడవాలి. ఆ తర్వాత యంత్రం కట్టి మళ్లీ ఆరు నిమిషాలు.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి, జాకెట్లు కుట్టుకునే ఒక మనిషి